34 ఏళ్లకు బీఎడ్, ఇంట్లో 3 లక్షల అప్పు – నా అనుభవం

మాది అనంతపురం, అంటే సొంతూరు కూడేరు పక్కన పల్లె, టౌన్‌కు వచ్చి ఏడేళ్లవుతాంది. నాకు డిగ్రీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) 2009లో అయిపోయింది, అదే ఏడాది పెళ్లి చేసినారు, 2011లో పాప, మూడేళ్లకు బాబు. బీఎడ్ చేయాలని డిగ్రీలో ఉన్నప్పుడే అనుకున్నా. అప్పట్లో బీఎడ్ ఒక్క ఏడాదే, 2015 నుంచి రెండేళ్లు చేసినారు, ఆ ఒక్క ఏడాది అప్పుడే చదివేసుంటే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో. సరే 13 ఏళ్ల తర్వాత 2022లో బీఎడ్ ఎంట్రన్స్ ఎడ్‌సెట్ రాసినా. పాప అప్పుడు ఏడో తరగతి, బాబు మూడు.

ఇంట్లో అప్పు పెట్టుకుని చదువుకోవాలా వద్దా అని ఎటూ తేల్చుకోలేక ఉండే ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లకోసమే ఇదంతా రాస్తున్నా. చదువు గురించి చెప్పేవాళ్లు అప్పు సంగతి చెప్పరు, అప్పు సంగతి తెలిసినోళ్లు చదువు ఎందుకంటారు. నాకు రెండూ ఒకేసారి నడిచినాయి.

అప్పు ఎట్లొచ్చిందంటే బోర్లు. మా జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, చెనిక్కాయ పంట పోతానే ఉంటాది, నీళ్లు పడితే ఒక్క పంటన్నా వస్తాదని 2018లో మూడు బోర్లు వేయించినాం. రెండిట్లో దుమ్మే వచ్చింది, మూడోదాంట్లో ఎనిమిది నెలలు నీళ్లు వచ్చి ఆగిపోయినాయి. దానికి తెచ్చింది 1,50,000, ప్రాంసరీ నోటు రాసి, నూటికి రెండు రూపాయల వడ్డీ. నూటికి రెండు అంటే చెవికి తక్కువగానే వినిపిస్తాది, ఏడాదికి 24 శాతం అది. నోటుకు మూడేళ్లే గడువు, అది దాటితే కోర్టులో చెల్లదు, అందుకని మూడేళ్లు నిండకముందే అప్పిచ్చినాయన నోటు తిరగరాయమంటాడు. 2021లో తిరగరాసినప్పుడు మూడేళ్ల వడ్డీ 1,08,000 అయింది, మేం మధ్యలో కట్టింది 60,000. కానీ నోటు వెనక చెల్లు, అంటే డబ్బు ముట్టిందని రాసే రాత, వేసింది 48,000కే! మిగతా 12,000 మా ఆయన చేతికిచ్చి వచ్చినాడు, చెల్లు రాయించుకోలేదు, తెలిసినాయనే కదా అని. అడిగితే ఎప్పుడిచ్చినావయ్యా అన్నాడంట. అట్లా కొత్త నోటు 2,10,000కి రాసినాం. వడ్డీ అసలులో కలిసిపోయింది, ఇంక ఆ వడ్డీకి కూడా వడ్డీ.

పొలం గుత్తకిచ్చి టౌన్‌కు వచ్చేసింది కూడా ఆ బోర్ల తర్వాతనే. మా ఆయన హార్డ్‌వేర్ షాపులో పనికి కుదిరినాడు, నెలకు 13,000.

ఎడ్‌సెట్‌లో సీటు వస్తాదని రిజల్ట్ చూసినరోజు రాత్రి, పిల్లలు పడుకున్నాక, పాప పాత నోట్‌బుక్కులో వెనక పేజీల్లో అప్పులన్నీ రాసినా. అంతవరకు ఎవరమూ ఒకచోట రాసి చూడలేదు, భయం. నోటు 2,10,000. నా నెక్లెస్ ప్రైవేటు ఫైనాన్స్‌లో పెట్టింది 70,000, నూటికి రూపాయిన్నర. పొదుపు సంఘంలో నా వంతు ఇంకా 12,000. అంగడి, బాబు స్కూల్ ఫీజు కలిపి 18,000. మొత్తం 3,10,000. మా ఆయన ఆ పేజీ చాలాసేపు చూసి, నేను అయిదు లక్షలు ఉంటాదనుకున్యానే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది ఆ మాటకు. ఎంతుందో తెలీకుండానే ఇన్నేళ్లు దాన్ని మోసినాం.

నెలకు ఎంత పోతాందో లెక్కేస్తే నోటు వడ్డీ 4,200, నగ వడ్డీ 1,050, సంఘం కంతు వేరే. ఇందులో చదువు ఖర్చు ఎక్కడ సరిపోతాది? అందుకని కాలేజీలో చేరకముందే రెండు పనులు చేసినా.

మొదటిది ట్యూషన్. వీధిలో పిల్లల్ని సాయంత్రం ఆరింటికి కూర్చోబెట్టినా, ఒక్కొక్కరు 300. ముగ్గురితో మొదలయి రెండు నెలల్లో పద్నాలుగు మంది అయినారు. 4,200! సరిగ్గా నోటు వడ్డీ అంత. ఆ డబ్బులో ఒక్క రూపాయి వేరేదానికి తీయలేదు, గూట్లో స్టీలు డబ్బా, నెల ఒకటో తారీఖు నేనే పోయి కట్టి, నోటు వెనక చెల్లు రాయించి, సంతకం పెట్టి, ఫోన్‌లో ఫోటో తీసుకుని వచ్చేదాన్ని. మొదటిసారి ఫోటో తీస్తే అప్పిచ్చినాయన, ఏమ్మా నమ్మకం లేదా అన్నాడు. నమ్మకం ఉంది మామా, నాకే మరుపు ఎక్కువ అన్నా. మళ్లీ అడగలేదు.

రెండోది నగ. దీని గురించి వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామందికి తెలీదు. ప్రైవేటులో రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం, అదే బ్యాంకులో అప్పట్లో 9 శాతం దగ్గర. కానీ బ్యాంకులో పెట్టాలంటే నగ చేతిలో ఉండాలి, నగ రావాలంటే ముందు 70,000తో పాటు వడ్డీ కట్టాలి, అది లేకనే కదా కుదువ పెట్టింది. మా వదిన చీటీ పాడిన డబ్బు ఇంట్లో ఉందని తెలిసి సాయంత్రానికి ఇచ్చేస్తానని అడిగినా. ఆమె టిఫిన్ బ్యాగులో పెట్టుకుని తనే నా వెంట వచ్చింది. పొద్దున పదకొండుకు నగ విడిపించినాం, అక్కడినుంచి నేరుగా బ్యాంకుకు పోతే అప్రైజర్ ఒంటిగంటకు గానీ రాడన్నారు, ఇద్దరమూ ఆ బెంచీ మీద నగ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం, నీళ్లు తాగడానికి కూడా లేవలేదు. ఆయన వచ్చి గీటురాయి మీద గీసి, తరుగు తీసి నికరం 24 గ్రాములు అన్నాడు. అప్పుడు గ్రాము 4,700 దగ్గర ఉండాది, విలువలో 75 శాతం వరకే ఇచ్చేవాళ్లు అప్పట్లో, 84,000 వచ్చింది. మూడున్నరకు వదిన డబ్బు వదినకు ఇచ్చేసినా, మిగిలింది కాలేజీ ఫీజుకు పెట్టినా. అప్పు 14,000 పెరిగినా నెల వడ్డీ మాత్రం 1,050 నుంచి 630కి దిగింది. ఆమె ఆ రోజు రాకపోయి ఉంటే నేను చేరేదాన్నే కాదు.

సర్టిఫికెట్ల పని కూడా చిన్నది కాదు. స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి గానీ డిగ్రీ తర్వాత ఇన్నేళ్లు ఏం చేసినావని గ్యాప్ అఫిడవిట్ అడిగినారు, స్టాంపు పేపర్ మీద నోటరీ చేయించినా. ఒరిజినల్ డిగ్రీ నేను తీసుకోనే లేదు, ప్రొవిజనల్‌తోనే ఉన్నా, దానికోసం ఎస్కేయూ, అదే శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీకి పోయినా. 1981లో యూనివర్సిటీ అయిన క్యాంపస్ అది, డిగ్రీ మూడేళ్లూ ఆ యూనివర్సిటీ పేరు మార్కుల లిస్టు మీద చూసుకోవడమే గానీ లోపలికి పోయింది అదే మొదటిసారి. బాబును చంకన పెట్టుకున్నట్టే వెంటబెట్టుకుని పోయినా, ఎగ్జామ్స్ బ్రాంచ్‌లో ఒక పెద్దాయన బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వాణ్ని తన కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ నాకు రాలేదు, అది వేరే కథ.

కాలేజీలో మొదటిరోజే ఆఫీసులో ఒకాయన, అమ్మా మీరు పిల్లల తల్లి కదా, రోజూ రానక్కర్లేదు, ఇంత కట్టండి, పరీక్షలకు వస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటాం అన్నాడు. బీఎడ్‌లో క్లాసులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలని రూలు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఆశ పుట్టింది, రోజంతా ఇంట్లో ఉంటే కుట్టుపని చేసుకోవచ్చు. కానీ ఆయన అడిగిన డబ్బు కోసం నేను మళ్లీ నోటు రాయాల. నేర్చుకోకుండా ఉండడానికి వడ్డీకి తెచ్చి కట్టాలా? పోతానే రోజూ అన్నా. పోయినా. బాబుకు డెంగీ వచ్చిన పదకొండు రోజులు తప్ప.

క్లాసులో అందరూ 22, 23 ఏళ్లోళ్లు, నన్ను అక్కా అనేవాళ్లు. సైకాలజీ చెప్పే సారు నాకంటే చిన్నవాడు, నన్ను మీరు అనే పిలిచేవాడు. పిల్లలు ఎట్లా నేర్చుకుంటారో చెప్తాంటే నాకు పుస్తకంలో కాదు, ఇంట్లో కనపడేది, బాబు అ, ఆలు దిద్దినప్పుడు నేను ఎన్ని తప్పులు చేసినానో అప్పుడు తెలిసింది.

2023 మొదట్లో సంఘం పాత అప్పు తీరి కొత్త బ్యాంకు లోను వచ్చింది. అప్పుడు ఏడు శాతం వడ్డీ, టైముకు కడితే ఆ వడ్డీ కూడా గవర్నమెంటు వెనక్కిచ్చేది, దానికంటే తక్కువకు మనకు యాడా దొరికేది కాదు. నేను లక్ష అడిగినా. మీటింగులో ఒక అక్క, నువ్వు చదువుకుంటా ఉండావు, కంతు ఎట్లా కడతావు, నువ్వు ఆపితే అందరికీ లోను ఆగిపోతాది అనింది. ఆమె అడిగింది న్యాయమే, కోపం రాలేదు. ట్యూషన్ పిల్లల పేర్లు రాసిన నోట్‌బుక్కు తీసుకుపోయి చూపించినా, ఎవరు ఎంత, ఏ తారీఖు. తీర్మానం రాసినారు, ఆమే మొదట సంతకం పెట్టింది. ఆ లక్షా అట్లే తీసుకుపోయి నోటు అసలుకు కట్టినా, 2,10,000 కాస్తా 1,10,000 అయింది, వడ్డీ 2,200కి వచ్చింది. సంఘం కంతు 3,100. అంటే అంతకుముందు వట్టి వడ్డీకి పోయే డబ్బుకు ఇంకో వెయ్యి, పదకొండు వందలు చేరిస్తే ఇప్పుడు అసలు కూడా తీరుతాంది.

ఇంటర్న్‌షిప్ 16 వారాలు, జిల్లా పరిషత్ హైస్కూల్. నాకు ఎనిమిదో తరగతి బయాలజీ ఇచ్చినారు, మా పాప కూడా అప్పుడు ఎనిమిదే. లెసన్ ప్లాన్ రాసి రాత్రి పాపకు చెప్పి చూసేదాన్ని, ఇది అర్థం కాలేదమ్మా అంటే మళ్లీ రాసేదాన్ని. సూక్ష్మజీవుల పాఠం రోజు ఇంట్లోంచి చిన్న గిన్నెలో పెరుగు తీసుకుపోయినా. ల్యాబులో మైక్రోస్కోపు ఉంది గానీ లెన్సు మీద దుమ్ము, చీర కొంగుతో కాకుండా మెత్తటి గుడ్డతో తుడిచి, పెరుగు చుక్క నీళ్లలో కలిపి స్లైడు మీద వేసి సరిచేసేసరికి పావుగంట పట్టింది. పిల్లలు లైన్లో ఒక్కొక్కరే వచ్చి ఒక కన్ను మూసి చూస్తాండారు. ఒక పాప చూసి తలెత్తి, మేడం ఇవన్నీ మేం పొద్దున సంగటిలో తిన్నామా అనింది. తిన్నారు అంటే క్లాసంతా గోల. బెల్ కొట్టినా ఎవరూ పోలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తా చెప్తా అన్నం తినడం మర్చిపోయినా.

అన్నిరోజులు అట్లా లేవు. రికార్డులు రాసేది రాత్రి పదకొండు తర్వాతనే, తెల్లారి అయిదుకు లేవాల, ఒకసారి సెమిస్టర్ పరీక్ష ముందురోజు మా అత్తకు షుగరు పడిపోయి ఆస్పత్రిలోనే చదివినా. మా ఆయన పొద్దున పిల్లలకు అన్నం కట్టడం నేర్చుకున్నాడు. మా అత్త మొదట్లో ఈ వయసులో ఎవరు ఉద్యోగమిస్తారు అనేది, తర్వాత ట్యూషన్ పిల్లల్ని గలాటా చేయకుండా చూసేది ఆమే.

2024లో మూడేళ్లు నిండబోతాన్నాయని అప్పిచ్చినాయన నోటు తిరగరాయమన్నాడు, ఈసారి రెండున్నర రూపాయలు అన్నాడు. ప్రతి నెలా చెల్లు ఫోటోలు వరసగా చూపించి, ఒక్క నెల కూడా తప్పలేదు మామా, రెండుకే ఉంచు అన్నా. ఇంకొంచెం కట్టి 80,000కి రాసినాం, రెండుకే.

బీఎడ్ అయింది. అక్టోబరులో టీచర్ల అర్హత పరీక్ష టెట్ రాసినా, నా కేటగిరీకి 75 వస్తే చాలు, 104 వచ్చినాయి, టీచర్ పోస్టుల డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంటాదని ఇంకా ఎక్కువ రావాలనుకున్నా. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులు, అందులో స్కూల్ అసిస్టెంట్ బయాలజీకి రాసినా. రాలేదు. రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్తున్నా, సాయంత్రం ట్యూషన్ అట్లే ఉంది, ఇప్పుడు పద్దెనిమిది మంది.

2025 జూన్‌లో, చదువుకునే పిల్లల తల్లులకు గవర్నమెంటు ఇచ్చే తల్లికి వందనం ఇద్దరు పిల్లలకు 13,000 చొప్పున 26,000 పడింది. మెసేజి వచ్చిన మరుసటిరోజే పోయి నోటుకు కట్టినా. ఇంక 54,000 ఉంది, నెలకు 1,080. ఈ నెల జీతం వచ్చినాక ఆరువేలు అసలుకు కట్టాలనుకుంటున్నా, పాపను కూడా తీసుకుపోతా, చెల్లు ఎట్లా రాయించుకోవాలో అది చూడాల.