తెరకు ఇవతలి చేయి

మా బాపుకు డెబ్బై ఒక్క ఏళ్ళు. షుగర్ వచ్చి పన్నెండేళ్ళు దాటింది. హనుమకొండలో మా దగ్గర ఉండమని ఎన్నిసార్లు అడిగినా పత్తిచేనును, ఎడ్లను విడిచి రాలేనంటాడు. ములుగు దాటి, తాడ్వాయి అడవి మీదుగా ఏటూరునాగారం పోయే జాతీయ రహదారి నుండి లోపలికి మళ్ళిన ఒక చిన్న ఊళ్ళో అమ్మతో ఉంటాడు. నిరుడు వానకాలంలో అతని కుడికాలి బొటనవేలి కింద చిన్న పొక్కు లేచిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. నొప్పి లేదన్నాడు గనుక మేమెవరమూ గాభరా పడలేదు. షుగర్ ఉన్న మనిషికి కాలి పుండు నొప్పి పెట్టకపోవడమే అసలు ప్రమాదమని నాకు అప్పటికి తెలియదు.

వరినాట్ల కాలం కావడంతో అతన్ని బస్సెక్కించి తీసుకొచ్చే వీలు లేక, ఫోన్‌లో డాక్టరును చూపించే ఒక ప్రైవేటు సేవకు డబ్బు కట్టాను. అక్కడ మా తమ్ముని కొడుకు ఫోన్ పట్టుకున్నాడు, ఇక్కడి నుండి నేనూ అదే కాల్‌లో ఉన్నాను. డాక్టరు ఓపికగానే మాట్లాడాడు. కాలికి స్పర్శ తెలుస్తోందా అని అడిగాడు. "తెలుస్తది సారూ" అన్నాడు బాపు, తనకేదో లోపముందని పరాయి మనిషి ముందు ఒప్పుకునే అలవాటు లేనివాడు గనుక. పూత మందూ ఐదు రోజుల మాత్రలూ రాసి ఆయన కాల్ ముగించాడు. ఆ డాక్టరును నేను తప్పుపట్టలేను. అర్రలోని చీకట్లో, పదమూడేళ్ళ పిల్లవాడి చేతిలో కదులుతున్న ఫోన్ ఎంత చూపిందో ఆయన అంతే చూశాడు.

వారం తర్వాత అమ్మ పోరు పడలేక బాపు ఊరి పల్లె దవాఖానకు పోయాడు. అక్కడి ఏఎన్ఎం, ఊరంతా నర్సమ్మ అని పిలిచే మనిషి, అతన్ని ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా చేయి పైకి మడిచి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి బీపీ చూసింది, కొద్దిసేపాగి మళ్ళీ చూసింది. షుగర్ పరీక్ష చేసింది. ఆ తర్వాత చేసిన పని గురించి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. "కాకా, కండ్లు మూసుకో. నేను ముట్టుకున్నప్పుడు కుడికాలో ఎడమకాలో చెప్పు" అని, రెండు పాదాల మీదా బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొనలను ఒక్కొక్కటిగా వేలితో తేలికగా తాకింది. ఆరు తాకుళ్ళలో బాపు చెప్పగలిగినవి రెండే. ఆరింటిలో రెండు తెలియకపోయినా పాదాలకు ముప్పు ఉన్నట్టే లెక్క. పుండు చుట్టూ నొక్కి చూసి, ఎరుపు పాదం మీదికి పాకుతున్నదని గమనించి, ఆమె ప్రభుత్వ దూరవైద్య వేదిక ఈ-సంజీవనిలో డాక్టరును కలిపింది. తాను చూసినదంతా నాలుగు వాక్యాలలో చెప్పింది. ఈ రోజే వరంగల్‌లోని పెద్దాసుపత్రి ఎంజీఎంకు పంపండి అని అవతలి నుండి జవాబు వచ్చింది. సాయంత్రానికి వరంగల్ చేరాడు. చీము ఎముక దాకా పోలేదు. వేలు దక్కింది.

రెండుసార్లూ తెర ఉంది, రెండుసార్లూ తెర అవతల చదువుకున్న డాక్టరు ఉన్నాడు. తేడా అంతా తెరకు ఇవతల ఉంది. అప్పటి నుండి దూరవైద్యం గురించి దొరికినదంతా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ నాకు కనబడుతున్నది ఆ నర్సమ్మ చేయే.

ఈ-సంజీవనినే చూడండి. మొహాలీలోని సీ-డాక్ సంస్థ తయారు చేసిన ఈ వేదిక 2019 నవంబరులో మొదలైనప్పుడు, ఊరి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడే పద్ధతి ఒక్కటే ఉండేది. రోగి ఇంటి నుండే నేరుగా డాక్టరును కలిసే రెండో పద్ధతి కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా 2020 ఏప్రిల్‌లో వచ్చింది. 2023 ఫిబ్రవరి నాటికి మొత్తం సంప్రదింపులు 10 కోట్లు దాటాయి, అందులో అత్యధిక భాగం మొదటి పద్ధతిలో జరిగినవే. పత్రికలు దీనిని సాంకేతిక విజయంగా రాశాయి, అది నిజమే. ఆ కోట్ల సంప్రదింపులలో రోగి పక్కన కూర్చున్న సిబ్బంది గురించి కూడా అంతే పెద్ద అక్షరాలలో రాయవలసింది.

2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఈ సంగతిని గుర్తించాయి. ఆరోగ్య కార్యకర్త రోగి తరఫున డాక్టరును సంప్రదించడాన్ని అవి ఒక ప్రత్యేక విధానంగానే పేర్కొన్నాయి. ఫోన్‌లో చూసి ఏ మందులు రాయవచ్చో కూడా జాబితాలుగా విభజించాయి: కొన్ని ఏ మాధ్యమంలోనైనా రాయవచ్చు, కొన్నింటికి మొదటిసారి వీడియోలో చూడడం తప్పనిసరి, మత్తు కలిగించే మందుల వంటివి అసలు రాయకూడదు. నేరుగా చూడనిదే చెప్పలేనని ఏ క్షణంలోనైనా అనే అధికారం డాక్టరుకు ఉంది. మనం డబ్బు కట్టి కాల్ చేసినప్పుడు డాక్టరు అలా అంటే కోపం తెచ్చుకుంటాం. మా అనుభవం తర్వాత, అలా అనే డాక్టరు మీద నాకు గౌరవం పెరిగింది.

మన ఉత్తర తెలంగాణలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రి తెరిచింది. ఆ తర్వాత ఆ సంస్థ చిన్న ఊళ్ళలో దృష్టి కేంద్రాలు పెట్టి, స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టింది. కన్ను పరీక్షించి, అద్దాలు ఇచ్చి, అనుమానం ఉన్న కంటి చిత్రాన్ని పెద్ద డాక్టరుకు పంపేది వాళ్ళే. కంటి చిత్రం సరిగ్గా రావాలంటే గడ్డాన్ని ఎక్కడ ఆనించాలో, వెలుగును ఎటు తిప్పాలో తెలిసిన మనిషి కావాలి. యంత్రం కొనడం కంటే ఆ మనిషిని తయారు చేయడానికే ఎక్కువ కాలం పడుతుంది.

చేయి అవసరం లేని చోట్లు కూడా ఉన్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ-మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు. పత్తి దిగుబడి దెబ్బతిన్న ఏడాది మా వైపు ఊళ్ళలో మనసు కుంగిన మనిషి పక్కింటివారికి తెలియకుండా ఒక గొంతుతో మాట్లాడగలగడం చిన్న మేలు కాదు. ఈ నంబరును రైతుల ఫోన్లలో మన చేతులతోనే ఎక్కించి పెట్టాలని కోరుతున్నాను.

మన ఆరోగ్య ఖాతాకు ప్రభుత్వం ఇచ్చే పద్నాలుగు అంకెల ఆభా సంఖ్య గురించీ చాలామంది అడుగుతున్నారు. పాత చీటీలు, పరీక్షల ఫలితాలు ఒక సంఖ్య కింద చేరి, మన అనుమతితో మరో ఆసుపత్రిలో కనబడడం మంచిదే. బాపు ఎంజీఎంకు వచ్చినప్పుడు పన్నెండేళ్ళ కాగితాలు ఒక ప్లాస్టిక్ సంచిలో తడిసి ముద్దై ఉన్నాయి. అయితే ఫోన్‌కు వచ్చే ఓటీపీని చదివి చెప్పలేని అమ్మలాంటివారికి ఆ సంఖ్యను తెరిచి చూపేది మళ్ళీ ఆ నర్సమ్మో ఆశా కార్యకర్తో అయి ఉంటుంది.

కొత్త యంత్రాలకూ ఇదే వర్తిస్తుంది. ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటరే చదివి క్షయను అనుమానించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. కానీ అనుమానం వచ్చాక తెమడ తెప్పించి పరీక్షకు పంపాలి, ఆరు నెలలు మందు మింగించాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు నల్లని చర్మం మీద ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుందని కరోనా కాలంలో అందరి దృష్టికీ వచ్చింది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఎక్కువగా వస్తుంది. అంకె తెర మీద పడగానే నమ్మకుండా మనిషి ముఖం చూసి మళ్ళీ కొలిచే ఓపికను ఏ యాప్‌లోనూ నేను చూడలేదు.

అంత ఓపికగా పనిచేసే మనిషికి ఇప్పుడు ఎన్ని పనులున్నాయో మొన్న ఊరికి పోయినప్పుడు చూశాను. టీకాలు, గర్భిణుల నమోదు, ఇంటింటి బీపీ-షుగర్ పరీక్షలు, అన్నింటినీ రిజిస్టరులో ఒకసారి, ట్యాబ్‌లో ఒకసారి ఎక్కించడం. సిగ్నల్ లేనప్పుడు ట్యాబ్ పట్టుకుని రోడ్డు దాకా నడిచి వస్తుందట. డిజిటల్ ఆరోగ్యానికి కేటాయించే డబ్బులో ఆమె శిక్షణకు, ఆమెకు తోడుగా మరొకరికి, పెద్ద పట్టీ ఉన్న బీపీ మిషన్‌కు మొదటి వాటా ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

బయలుదేరే ముందు, బాపు పాదాల వేళ్ళను తాకి చూడడం నాకూ నేర్పమని ఆమెను అడిగాను. రిజిస్టరు పక్కన పెట్టి లేచింది. ముందు నా కాళ్ళ మీదే చేసి చూపింది. "గిచ్చొద్దు అక్కా, ఒత్తొద్దు. ఈగ వాలినట్టు ముట్టుకోవాలె" అన్నది.