అది నువ్వు మిస్సయ్యే ఊరు

"అది నువ్వు మిస్సయ్యే ఊరమ్మా. మిస్సవ్వడానికి నేనెప్పుడున్నాను అక్కడ?" అంటూ మా పెద్దది హ్యూస్టన్‌లోని తెలుగు బడి నోట్‌బుక్ మూసేసింది. 'మా ఊరు' మీద ఒక పేజీ రాసుకుని రమ్మన్నారు. మా రాజంపేట గురించి నేను చెప్తాను, నువ్వు రాసుకో చాలన్నాను. "నువ్వు డిక్టేషన్ ఇస్తే అది నీ వ్యాసం అవుతుంది కదా" అంది. పదిహేనేళ్ళ పిల్లతో వాదనకి దిగితే ఇంతే. ఆదివారం క్లాసుకి ఖాళీ పేజీతోనే వెళ్ళింది.

ఊరంటే పట్టదా అంటే, అదే వారం నిద్ర మానుకుని చదివింది ఇంకెవరి ఊరి గురించో. పాలస్తీనా మూలాలున్న ఇసబెల్లా హమాద్ నవల, ఎంటర్ గోస్ట్. లండన్‌లో ఉండే ఒక నటి హైఫాలో తోబుట్టువు దగ్గరికి వెళ్ళి, వెస్ట్ బ్యాంక్‌లో హామ్లెట్ నాటకం వేస్తున్న బృందంలో ఇరుక్కుంటుంది. హమాద్ పుట్టింది లండన్‌లో, రాసేది ఇంగ్లీషులో. మొదటి నవల మాత్రం నాబ్లస్‌కి చెందిన తన ముత్తాత జీవితం ఆధారంగా రాసింది. భాష పోతే ఊరు పోతుందని ఇన్నాళ్ళూ మా ఇంట్లో నేను చేస్తున్న ఉపన్యాసానికి ఇది పెద్ద దెబ్బ. అయినా దొరికిందే సందని, "చూశావా, లండన్ పిల్ల ముత్తాత ఊరి గురించి ఎంత బాగా రాసిందో" అన్నాను. "ఆమెకెవరైనా డిక్టేషన్ ఇచ్చారా?" అంది.

లైబ్రరీలో వాళ్ళ బుక్ క్లబ్బు పాలస్తీనా రచయితల మీద ఒక సాయంత్రం పెట్టుకుంది. మా అమ్మాయి మాట్లాడాలి, పోస్టర్ మీద పేరుంటుంది, ఫోటోలు తీస్తారు కాబట్టి తల్లిదండ్రుల సంతకం కావాలట. ఫారం చూడగానే నా నోట్లోంచి వచ్చిన మాట: "ఆ రాజకీయాలు మనకెందుకమ్మా?" దానిది అమెరికా పాస్‌పోర్ట్. గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి ఉన్నది మేము. భయం కూడా మాదే.

నా భయానికి సాక్ష్యం కూడా చూపించాను. పాలస్తీనా రచయిత్రి అదానియా షిబ్లీకి మైనర్ డీటెయిల్ నవల మీద జర్మనీలో ఒక బహుమతి వచ్చింది. 2023 అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనలో ఇవ్వాలి. గాజా యుద్ధం మొదలైందని సభ వాయిదా వేశారు. అంత పేరున్న రచయిత్రికే దిక్కు లేకపోతే మనమెంత అన్నాను. "అందుకే ఆమె గురించి మాట్లాడతాను" అని, నేను అందించిన విషయాన్నే తన ప్రసంగంలో మొదటి పాయింటుగా రాసుకుంది.

ఇందులో నా తిక్క ఎక్కడుందో నాకు తెలుసు. నా ఊరి గురించి నేను కంటతడి పెడితే సంస్కృతి, వాళ్ళ ఊరి గురించి వాళ్ళు మాట్లాడితే రాజకీయం. దసరా ఫంక్షన్‌లో స్టేజీ ఎక్కి, కన్న ఊరికి దూరమయ్యామని గొంతు జీరబోయేలా మాట్లాడి, దిగొచ్చి బిర్యానీ లైన్లో నిలబడతాను. నన్ను రాజంపేట నుంచి ఎవరూ తరమలేదు. ఆఫర్ లెటర్ చూసుకుని ఎగిరి గంతేసి వచ్చాను.

పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ చనిపోయింది ఈ హ్యూస్టన్‌లోనే, 2008 ఆగస్టులో, గుండె ఆపరేషన్ తర్వాత. ఇది కూడా అమ్మాయే చెప్పింది. ఆయన పుట్టిన అల్-బిర్వా గలిలీలో ఉండేది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో ఊరి జనాన్ని వెళ్ళగొట్టారు, తర్వాత ఊరే లేకుండా చేశారు. ఆయన్ని ఖననం చేసింది రమల్లాలో. ఇక్కడ మనవాళ్ళెవరైనా పోతే వాట్సాప్ గ్రూపులో చందాలు వేసుకుని ఊరికి పంపిస్తాం. ఎక్కడికి పంపాలి అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ రాలేదు. దర్వీష్ కవితల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఫాదీ జౌదా కూడా హ్యూస్టన్‌లోనే డాక్టరు అంది. డాక్టరు అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది నా మొహం చూసి, "పొయెట్ అమ్మా, పొయెట్" అంది.

నన్ను నిజంగా పట్టుకున్న కథ వేరే ఉంది. పాలస్తీనా రచయిత ఘసాన్ కనఫానీ 1963లో రాసిన చిన్న నవల, మెన్ ఇన్ ది సన్. బస్రా నుంచి కువైట్‌కి దొంగతనంగా పోవాలని ముగ్గురు పాలస్తీనా మగవాళ్ళు ఖాళీ నీళ్ళ ట్యాంకర్‌లో దాక్కుంటారు. సరిహద్దు ఆఫీసులో గుమాస్తాలు డ్రైవర్‌ని ఆపి, బస్రాలో నీకో నాట్యగత్తె ఉందటగా అని పరాచికాలాడతారు. కాగితాల మీద సంతకం పడే లోపు, ఆ ఎండలో ట్యాంకర్ లోపల ముగ్గురూ చచ్చిపోతారు.

మా నాయన కువైట్‌లో నడిపింది నీళ్ళ ట్యాంకరే. మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉన్న కాలం. ఆయనకి అకామా, అంటే అక్కడుండే పర్మిట్ టెన్షన్, నాకు హెచ్‌వన్ వీసా టెన్షన్, వంశపారంపర్యం అనుకోవాలి. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చాక, లక్షన్నరకు పైగా భారతీయులు వెనక్కి వచ్చేశారు. ఎక్కువమంది అమ్మాన్ దాకా రోడ్డు మీద పోయి, అక్కడ విమానం ఎక్కినవాళ్ళే. నాయన కూడా అంతే. గ్యారేజీలో ఆయన బండి బాగుచేసే మెకానిక్ పాలస్తీనా మనిషి. అప్పట్లో కువైట్‌లో వాళ్ళు సుమారు 4 లక్షల మంది, యుద్ధం అయ్యాక మిగిలింది చాలా తక్కువ. "మేం ఊరికి పోతాండాం, నువ్వు యాడికి పోతావని అడగబోయినా. నోరు రాలేదు" అనేవాడు నాయన. అంతకుమించి చెప్పేవాడు కాదు, మేమూ అడగలేదు. మేం చూసుకున్నది ఆయన తేవలసిన టేప్ రికార్డర్ కువైట్‌లోనే ఉండిపోయిందని.

ఈ సంగతి అమ్మాయికి చెప్తే ఫోన్ పక్కన పెట్టి వింది. రాజంపేట గురించి నేను చెప్పినవాటిలో మొదటిసారి శ్రద్ధగా విన్నది ఇదే, ఇందులో రాజంపేట లేకపోయినా.

ఇక పాలస్తీనా కవి మురీద్ బర్ఘూతీ. ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్‌ని ఆక్రమించిన 1967 యుద్ధం నాటికి కైరోలో చదువుతున్నాడు, మళ్ళీ రమల్లా చూసింది 1996లో. మధ్యలో 1977లో ఈజిప్టు కూడా వెళ్ళగొట్టింది. అప్పటికి కొడుకు తమీమ్ నెలల బిడ్డ. తల్లి రద్వా ఆషూర్ ఆ పిల్లవాణ్ణి కైరోలో పెంచింది, తండ్రి బుడాపెస్ట్‌లో. ఆ కొడుకు పెద్దయ్యాక తండ్రి వేలు పట్టుకుని దైర్ ఘసానా అనే తమ ఊరు చూశాడు, తర్వాత జెరూసలేం మీద అరబ్ ప్రపంచమంతా నోటికి చెప్పే కవిత రాశాడు. ఇక్కడిదాకా నా డిక్టేషన్ పద్ధతికి బలమే. కానీ అదే బర్ఘూతీ, ఆక్రమణ మమ్మల్ని పాలస్తీనా పిల్లల నుంచి పాలస్తీనా అనే ఆలోచనకి పిల్లలుగా మార్చేసిందని రాశాడు. అదాయన గర్వంగా చెప్పిన మాట కాదు. జరిగిన నష్టాల లెక్కలో రాసుకున్నాడు.

వాళ్ళకి బలవంతంగా జరిగినదాన్ని నేను కూతురికి కోరి చేస్తున్నానా? అది రాజంపేట వెళ్ళకుండా ఆపేది సమ్మర్‌లో టికెట్ రేటు, దాని డిబేట్ క్యాంపు. దారి మూసేసి ఉంటే తమీమ్‌లాగా అదీ ఊరికోసం కొట్టుకుపోయేదేమో అని ఒక రాత్రి అనిపించింది. ఛీ, ఏం కోరిక ఇది అని కూడా అనిపించింది. పిల్లల్ని రెండు నేలల మధ్య ఎలా పెంచాలో చెప్పమని కొత్తగా వచ్చిన తల్లులు నన్నడుగుతుంటారు. తెలుగులోనే మాట్లాడండి, ప్రతి ఏడూ తీసుకెళ్ళండి అని గడగడా చెప్పేదాన్ని. ఈమధ్య ఫోన్ పెట్టేశాక, తీసుకెళ్ళి ఏం చూపిస్తున్నాను అని ఆలోచన వస్తోంది. మా అమ్మ పోయాక ఆ ఇల్లు అద్దెకిచ్చాం.

ఫారం ఫ్రిజ్ మీద ఉంది, శుక్రవారం లోపు ఇవ్వాలి. మీ నాన్నని అడుగు అన్నాను. ఆయన, మీ అమ్మ ఏమంటే అది అన్నాడట.