ఫ్లెమింగోలు లేచాయి, తలలు లేవలేదు

సూళ్లూరుపేట దాకా మెము రైలు ఖర్చు లెక్కలోకి రాదు. అసలు దెబ్బ స్టేషన్ బయట ఆటో దగ్గర. శ్రీహరికోట రోడ్డు మీద పక్షులున్న చోటల్లా ఆపాలంటే "వెయిటింగు వేరే సార్" అంటారు. సీజను గదా, బేరం సాగదు.

రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. తక్కువ లోతు నీళ్లలో ఫ్లెమింగోల గుంపు మేస్తోంది, రోడ్డు అంచున కెమెరాలు బారులు తీరాయి. ఫ్లెమింగో ఉన్నపళంగా ఎగరదు. ముందు మేత ఆపుతుంది, మెడలు నిటారుగా లేస్తాయి, గుంపంతా ఒకే దిక్కుకు నడుస్తుంది, ఆపైన నీటి మీద కొన్ని అడుగులు పరిగెత్తి గాల్లోకి లేస్తుంది. ఇంత ముందుగా కబురిచ్చే పక్షి అరుదు. అయినా అవి లేచేసరికి పక్కనున్నవాళ్లలో సగం మంది తల వంచుకుని, అప్పుడే తీసిన మేత ఫొటోలను కెమెరా తెర మీద పెద్దవి చేసుకుంటున్నారు. చిరాకేసింది. రెక్క మడిస్తే దాదాపు దాగిపోయే ఆ ఎరుపూ నలుపూ బయటపడేది అప్పుడే.

తెర చూడొద్దని కాదు. చూడాల్సింది మేత సమయంలోనే, రెండు మూడు పరీక్ష షాట్లు తీసి చూసేయాలి. అదీ బొమ్మ వెలుగును నమ్మి కాదు. ఎండలో తెర మసగ్గా ఉంటే ఫొటోయే చీకటిగా వచ్చిందనిపిస్తుంది. అది నమ్మి ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందే వెలుగు, పెంచితే తెల్ల ఈకలు సున్నం కొట్టిన గోడలా వస్తాయి. ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్ చూడాలి, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విడివిడిగా. కలిపిన గ్రాఫు బాగానే కనబడినా రెక్కల దగ్గర ఎరుపు ఒక్కటే అతి వెలుగు వైపున్న కుడి అంచుకు గుద్దుకుని ఉండొచ్చు, ఈకల గీతలు పోయేది అక్కడే. ముదురు నీటి ముందు వెలుగు కొలిచే కెమెరా మీటరు మోసపోయి వెలుగు ఎక్కువిస్తుంది, ఎక్స్‌పోజర్ సవరణ మైనస్ 2/3 పెట్టాలి. అదే గుంపు తెల్లటి ఆకాశం మీదికి వెళితే తారుమారు, ప్లస్ 1 దాకా కావాలి. ఈ గొడవంతా ఎందుకు, వెలుగు మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో ఒకసారి కుదుర్చుకుంటే వెలుతురు మారేదాకా తెరతో పనుండదు.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో ఇంకో తంటా ఉంది. తీసిన వెంటనే ఫొటో చూపించే ఇమేజ్ రివ్యూ ఆన్‌లో ఉంటే తీసిన ఫొటో వ్యూఫైండర్‌లోనే నిలబడి ఎదుటి పక్షిని కప్పేస్తుంది. ముందే ఆఫ్ చేసుకోవాలి.

ఎండ ముదిరాక మాత్రం తెర నిజంగా పనికొస్తుంది. చిన్న తెర మీద పూర్తి ఫొటో ఎప్పుడూ పదునుగానే కనబడుతుంది, 100 శాతానికి పెంచి కన్ను చూడాలి. ఫోకస్ తప్పితే పక్షికి ముందో వెనకో నీటి అలలు పదునుగా ఉంటాయి. ఏదీ పదునుగా లేక, వరస ఫ్రేముల్లో కన్ను ఒక్కోలా వంకర పోతే అది నీటి మీది వేడిగాలి. ఎంత ఖరీదైన లెన్సయినా దాన్ని సరిచేయలేదు. దూరం తగ్గించుకోవాలి, లేదా దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పోవాలి. అక్కడ నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులు (పెలికన్లు) ఇంత దూరాన ఉండవు, పిల్లలు తల్లి సంచిలో తల దూర్చి తినడం తీరిగ్గా తీయొచ్చు.

దానికి ఆటోవాలా మళ్లీ వేరే రేటు చెప్పాడు.