గ్యాస్ అయిపోలేదు, గాలి ఆడలేదు

మే నెల రెండో వారం. మహారాష్ట్రలోని మా రాజురాలో బయట 46 డిగ్రీలు. ఏసీ 24లో ఉంది, బాపు మాత్రం బనియన్ తడిసిపోయి మంచం మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో చేసిన మనిషి. పోయిన ఏడాది గుండెకు స్టెంట్ వేశారు. ఎండాకాలం వేడిలో ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ఆ మధ్యాహ్నం నాకు బాగా టెన్షన్ పట్టుకుంది.

మాది 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీ, ఇన్వర్టర్ రకం కాదు. కొని ఆరేళ్లయింది. రాత్రి పదకొండు దాటితే గది బాగానే చల్లబడేది. బాధంతా పగలు పన్నెండు నుంచి అయిదు దాకానే. ఇది నేను ముందే గమనించాను, కానీ అసలు జవాబు అందులోనే ఉందని అప్పుడు తట్టలేదు.

ముందు గదిలో ఉండే యూనిట్‌లోని దుమ్ము ఆపే జాలీలు తీసి కడిగాను. పదిహేను రోజులకోసారి కడిగేవే, పెద్దగా దుమ్ము లేదు. తర్వాత పిల్లల చేపల తొట్టి థర్మామీటర్ తుడిచి తెచ్చి, ఏసీ గాలి పీల్చుకునే పైభాగంలో కాసేపు పెట్టాను, గాలి వదిలే చోట కాసేపు పెట్టాను. పైన 33, కింద 28. ఈ రెండింటికీ మామూలుగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. అయిదే ఉందంటే ఏదో తేడా కొట్టినట్టే.

బజారు నుంచి మెకానిక్ వచ్చాడు. ఏసీ ముందు చెయ్యి పెట్టి, “కాకా, గ్యాస్ సంపలాయ్” అన్నాడు. 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న తాలూకా మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. గ్యాస్ అయిపోయిందన్న మాట ఏ భాషలో విన్నా మనం వెంటనే నమ్మేస్తాం. గ్యాస్ ప్రెషర్ చూపే గేజీ పెట్టి చూడకుండానే సిలిండర్ తగిలించి, పది నిమిషాల్లో నింపి 2,500 తీసుకుని వెళ్లాడు.

ఏసీ గ్యాస్ వంటగ్యాస్‌లా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. కారే చోటు వెతకకుండా నింపితే మళ్లీ పోతుంది, కారకపోయినా నింపితే ఎక్కువైపోతుంది. మాకు జరిగింది ఈ రెండోదే. మర్నాడు పరిస్థితి ఇంకా పాడైంది. పావుగంట నడిచి, గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్ ఆగిపోయేది. అరగంటకు మళ్లీ మొదలయ్యేది.

మా వీధి చివర మంచిర్యాల నుంచి వచ్చి స్థిరపడిన కాక ఒకాయన ఉన్నాడు. గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. నేను చెప్పిందంతా విని, “రాత్రిపూట చల్లగైతందంటే మిషిన్ మంచిగనే ఉన్నది బిడ్డా. లోపలి వేడి బయటికి పోతలేదు. పద, డాబా మీదికి పోదాం” అన్నాడు.

అవుట్‌డోర్ యూనిట్‌కు ఎండ తగలకూడదని నేనే ఆకుపచ్చ నెట్ చుట్టూ బిగించి కట్టాను. కాక మొదట దాన్ని విప్పించాడు. నీడ కావాలంటే పైన రెండడుగుల ఎత్తున కట్టాలి తప్ప గాలికి అడ్డం కట్టకూడదన్నాడు. తర్వాత ఏసీకి కరెంటు వచ్చే ఎంసీబీ స్విచ్ దించి, యూనిట్ వెనక వైపు చూశాం. మా రోడ్డు మీద రాత్రీ పగలూ బొగ్గు లారీలే. ఆ బొగ్గు పొడీ, ఎండల్లో ఎగిరొచ్చే బూరుగు దూదీ కలిసి, వేడిని బయటికి వదిలే పలుచటి రేకుల మీద నల్లటి గొంగడి పరిచినట్టు పట్టుకున్నాయి. గోటితో గీకితే ముక్కలుగా ఊడొచ్చింది. దాని వెనక రేకులే కనబడలేదు. చల్లటి రాత్రి ఎలాగో నెట్టుకొచ్చిన మిషన్, 46 డిగ్రీల్లో ఆ గొంగడి కప్పుకుని ఏం చేయగలదు!

యూనిట్‌లోని కరెంటు బోర్డుకు ప్లాస్టిక్ కవర్ చుట్టి, పైప్‌తో మెల్లగా, లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాం. బయట నుంచి కొడితే మురికి ఇంకా లోపలికి దిగుతుందట. ప్రెషర్ ఎక్కువైతే రేకులు వంగిపోతాయి. ఇరవై నిమిషాల సేపు డాబా మీద నల్లనీళ్లే పారాయి.

ఆరాక స్విచ్ వేస్తే ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది. ఫ్యాన్ తిరగడానికి ఊపునిచ్చే కెపాసిటర్‌ను కాక తీసి మీటర్ పెట్టాడు. దాని మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంది, మీటర్‌లో 1.4 వచ్చింది. కొత్తది 120 రూపాయలు. ఈ పని మాత్రం తెలియనివాళ్లు చేయకూడదు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

చివరికి గ్యాస్ సంగతి. గొట్టాల జాయింట్ల దగ్గర సబ్బు నురుగు పూస్తే ఒక్క బుడగ రాలేదు. కాక దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు మర్నాడు తూకం మిషన్‌తో వచ్చాడు. ఉన్న గ్యాస్ తీసేసి, పంపుతో గొట్టాల్లోని గాలంతా లాగేసి, యూనిట్ మీది స్టిక్కర్‌లో రాసిన గ్రాముల లెక్క ప్రకారం నింపాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి చేపల తొట్టి థర్మామీటర్ మళ్లీ పెట్టాను. పైన 30, కింద 19. కాసేపటికి గది 27కు దిగింది, 24కు రాలేదు. ఏసీ మీద రాసే టన్నులు, అంటే చల్లబరిచే బలం లెక్క, బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిదని, మన ఎండకు ఆ బలం తగ్గుతుందని కాక చెప్పాడు. 27 మాకు చాలు. బాపు ఆ పూట రెండు గంటలు కదలకుండా పడుకున్నాడు.

నిన్న పక్కింటి వదిన, వాళ్ల ఏసీకి గ్యాస్ అయిపోయిందన్నారని, మూడు వేలు అడుగుతున్నారని చెప్పింది. రాత్రి టార్చ్ పట్టుకుని వాళ్ల డాబా ఎక్కాను. యూనిట్ వెనక అదే బొగ్గు పొడి, అదే దూది. ఆ మెకానిక్‌ను ఇప్పుడే రావద్దని చెప్పించాం. రేపు పొద్దున్నే పైప్ పట్టుకుని నేను, కాక వెళ్తున్నాం.