బెజవాడ ఎండలో రీలు కడుక్కోవడం: నా అనుభవం

విజయవాడలో ఫిల్మ్ కెమెరాతో ఫోటోలు తీద్దామనుకునేవాళ్ళని ముందుగా ఆపేది, తీసిన రీలు ఎక్కడ కడిగించాలన్న (డెవలప్ చేయించాలన్న) ప్రశ్నే. కెమెరా ఎవరింట్లోనో బీరువాలో దొరుకుతుంది, రీళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, కానీ గాంధీనగర్ నుంచి వన్ టౌన్ దాకా నేను అడిగిన ప్రతి స్టూడియోలోనూ "ఇప్పుడెవరు చేస్తున్నారమ్మా, మెషీన్ తీసేసి చాలా ఏళ్ళైంది" అనే చెప్పారు. వేరే రాష్ట్రానికి కొరియర్‌లో పంపించొచ్చు, చాలామంది అదే చేస్తారు. తీసిన రీలు మే నెల ఎండలో ఏ వ్యాన్‌లో ఎంతసేపు పడి ఉంటుందో తెలియకుండా పంపడానికి నాకు మనసొప్పలేదు. అందుకని ఇంట్లోనే కడగడం నేర్చుకున్నాను. వెతికితే దొరికిన సమాచారమంతా చల్లటి దేశాల వాళ్ళు రాసింది, అందులో "పంపు నీళ్ళు 20 డిగ్రీలకి తెచ్చుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మన ఊళ్ళో అసలు పనంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కెమెరా మా మేనమామది. గుంటూరులో వాళ్ళింట్లో అటక మీద తోలు కేసులో ఉండేది. పెంటాక్స్ కె1000, 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్, దానికి 50 ఎం.ఎం. ఎఫ్/2 లెన్స్. నేను అడగ్గానే "తీసుకెళ్ళవే, ఇక్కడుంటే బూజు తినేస్తుంది" అన్నాడు మావయ్య. నిజంగానే లెన్స్ లోపల ఫంగస్ సాలెగూడులా పాకి ఉంది. కృష్ణ పక్కన ఉండే మన ఊళ్ళలో గాలిలో తేమకి ఇది మామూలే, తోలు కేసులో పెట్టి ఏళ్ళ తరబడి వదిలేస్తే ఇంకా తొందరగా పడుతుంది. ఇప్పుడు నేను గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి అందులో పెడుతున్నాను.

ఈ కెమెరాలో నాకు బాగా నచ్చేది, బ్యాటరీ వెలుగు కొలిచే మీటరు కోసం మాత్రమే. వాచీల షాపులో దొరికే ఎల్ఆర్44 బిళ్ళ సరిపోతుంది, అది అయిపోయినా షట్టరు ఆగదు. మీటరుకి ఆన్, ఆఫ్ స్విచ్ ఉండదు, లెన్స్ మూత పెట్టేస్తే చీకటికి అది పనిచేయడం మానేస్తుంది, అంటే మూత ఎక్కడో వదిలేస్తే బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

లెన్స్ విప్పి తుడిచి ఇచ్చింది సత్యనారాయణపురంలో ఒక స్టూడియో ఆయన, పెళ్ళిళ్ళన్నీ ఫిల్మ్ మీద తీసిన తరం మనిషి. వెనక తలుపు గాడుల్లో ఉండే ఫోమ్ కాలానికి కరిగి జిగురైపోయింది. దాన్ని మెడికల్ షాపులో కొన్న స్పిరిట్‌తో, టూత్‌పిక్‌లతో గోకి తీసి గాడుల్లో నల్ల ఉన్ని దారం అతికించమని చెప్పారు, నేను ఇంట్లో కూర్చుని అలాగే చేశాను, ఇంతవరకూ ఏ ఫ్రేములోనూ వెలుగు లీకవలేదు. షట్టరు ఎలా చూడాలో కూడా ఆయనే చూపించారు: లెన్స్ తీసేసి, వెనక తలుపు తెరిచి, తెల్లగోడ వైపు పట్టుకుని 1/1000 సెకను మీద నొక్కితే ఫ్రేము మొత్తం ఒకేలా వెలగాలి. ఒక పక్క నల్లగా కనపడితే తెరలు సమంగా నడవట్లేదన్నమాట.

"అమ్మాయ్, రీలు ఎక్కించాక లివర్ తిప్పుతున్నప్పుడు ఎడమ పక్క నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూసుకో. తిరగట్లేదంటే రీలు పట్టుకోలేదు. నువ్వు 36 కొట్టినా ఒక్కటీ పడదు" అన్నారు. నేను ప్రతి రీలుకీ ఇప్పటికీ అది చూసుకుంటాను. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసిన ఇందు రీళ్ళ గురించి ఆయన చెప్తుంటే వినాలనిపించింది. మన దేశంలోనే, ప్రభుత్వ కంపెనీలో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ తయారైన రోజులు అవి. ఆ ఫ్యాక్టరీ మూతపడటం నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఇప్పుడు ప్రతి రీలూ బయటి దేశం నుంచి రావాల్సిందే.

ఏం తీయాలన్నది నాకు మొదటి నుంచీ స్పష్టంగానే ఉంది. దసరా ఉత్సవాలు, పుష్కరాలు అందరూ తీస్తారు, అవి తీసేవాళ్ళకి కొదవ లేదు. పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్‌లో గోనెసంచుల మీద కూర్చుని టీ తాగే హమాలీలు, ఏలూరు కాలువ పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బట్టలు రుద్దే ఆయన, సాయంత్రం బీసెంట్ రోడ్డులో రుమాళ్ళూ రిబ్బన్లూ అమ్మేవాళ్ళు, బస్టాండులో బ్యాగు తలకింద పెట్టుకుని నిద్రపోయేవాళ్ళు, వీళ్ళ ఫోటోలు ఎవరింట్లోనూ దాచుకుని ఉండవు. రీలు మీద పడితే నెగటివ్ అనే వస్తువు మిగులుతుంది. ఫోన్‌లో వేల ఫోటోల మధ్య కలిసిపోకుండా, చేత్తో పట్టుకుని వెలుగులో చూడగలిగేది ఒకటి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మన ఎండకి ఎక్స్‌పోజర్ లెక్క తేలికే. 400 స్పీడు రీలు వేస్తే నడి ఎండలో లెన్స్ ఎఫ్/16, షట్టరు 1/500 సెకను. అసలు ఇబ్బంది ఎండకీ నీడకీ మధ్య తేడాతో వస్తుంది. మార్కెట్‌లో టార్పాలిన్ కింద కూర్చున్న మనిషి మొహం, వెనక రోడ్డు మీద ఎండ ఒకే ఫ్రేములో పడితే రెండూ దక్కవు. మొహం కావాలి కాబట్టి నేను ఆ నీడకే లెక్క పెడతాను, వెనకది తెల్లగా పోతే పోనిస్తాను. కె1000 మీటరు ఫ్రేము మొత్తానికి సగటు తీస్తుంది, తెల్ల పంచె కట్టుకున్న తాతగారిని తీస్తే ఆ తెలుపు చూసి వెలుగు ఎక్కువుందనుకుని మొహాన్ని నల్లగా చేసేస్తుంది. అందుకని అదే నీడలో నా అరచేతికి రీడింగ్ తీసుకుని, దాని మీద ఒక స్టాప్ తెరుస్తాను, అంటే రెట్టింపు వెలుగు పడనిస్తాను. నడుస్తూ తీసేటప్పుడు ఫోకస్ 3 మీటర్ల దగ్గర, లెన్స్ ఎఫ్/8 దగ్గర పెట్టి ఉంచితే రెండున్నర నుంచి నాలుగు మీటర్ల దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి, కెమెరా కంటికి ఆనించాక ఇక రింగు తిప్పే పని ఉండదు.

దగ్గర నుంచి తీసేటప్పుడు మాత్రం అడిగే తీస్తాను. మార్కెట్‌లో గోంగూర అమ్మే ఒకావిడని "పిన్నీ, ఒక ఫోటో తీసుకోనా?" అంటే "దేనికమ్మా, పేపర్లో వేస్తారా?" అంది. నా కోసమేనని, ఆవిడకీ ఒకటి తెచ్చిస్తానని చెప్పి తీశాను. తీయగానే "ఏదీ, చూపించు" అని చెయ్యి చాపింది.

"ఇందులో కనపడదు పిన్నీ, ఇది రీలు కెమెరా. కడిగాక తెస్తాను."

"ఓ, పాత కెమెరానా! మా పెళ్ళి ఫోటోలు దాంతోనే తీశారు" అని పక్కామెని కూడా పిలిచింది. అడిగితే సహజంగా రాదు అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అడిగి, తీసి, ఐదు నిమిషాలు అక్కడే నిలబడి కబుర్లు చెప్తే తర్వాత వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు, రెండో ఫోటో అప్పుడు తీయొచ్చు.

ఇక కడగడం. కావలసినవి డెవలపింగ్ ట్యాంకు, వెలుగు తగలకుండా రీలుని ట్యాంకులోకి ఎక్కించడానికి చేతులు దూర్చే నల్ల ఛేంజింగ్ బ్యాగు, థర్మామీటరు, కెమికల్స్. డెవలపర్‌గా, అంటే ఫిల్మ్ మీద బొమ్మని బయటికి తెచ్చే కెమికల్‌గా, కొడాక్ వాళ్ళ డి-76 వాడతాను, 1920ల నాటి ఫార్ములా, ఇప్పటికీ నమ్మకంగా పనిచేస్తుంది. ప్యాకెట్ దొరకనప్పుడు కాలేజీ ల్యాబ్‌లకి కెమికల్స్ అమ్మే షాపులో విడివిడిగా కొని కలుపుకుంటాను: లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. నీళ్ళు 50 డిగ్రీల దగ్గర ఉండాలి, చిటికెడు సల్ఫైట్ వేసి ముందు మెటాల్ కరిగించాలి, ఎందుకంటే సల్ఫైట్ మొత్తం ముందే పడితే మెటాల్ సరిగ్గా కరగదు. తూకానికి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా, నీళ్ళు బ్యాటరీలకి అమ్మే డిస్టిల్డ్ వాటర్. చేతులకి గ్లవ్స్, కిటికీ తెరిచి ఉండాలి, వంటింటి గిన్నెలు, గరిటెలు దీనికి వాడకూడదు.

వేసవిలో మొదటి టెన్షన్ ఛేంజింగ్ బ్యాగు దగ్గరే. చేతులు లోపల పెట్టిన కాసేపటికే చెమట పడుతుంది, ట్యాంకు లోపల ఫిల్మ్ చుట్టే ప్లాస్టిక్ స్పైరల్‌కి కొంచెం తడి తగిలినా ఫిల్మ్ ముందుకి జరగదు, బలవంతంగా తోస్తే మడత పడుతుంది. నేను తెల్లవారకముందే లేచి, ఏసీ గదిలో, చేతులు పొడిగా తుడుచుకుని ఎక్కిస్తాను. పాడైన రీలు ఒకటి తెచ్చుకుని పగటి వెలుగులో, ఆ తర్వాత కళ్ళు మూసుకుని చేయి తిరిగేదాకా ఎక్కించి తీస్తూ ఉండటం చాలా ఉపయోగపడింది.

ఇప్పుడు వేడి సంగతి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ రీలుకి డి-76 సగం, నీళ్ళు సగం కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. మే నెలలో మా డాబా మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, తెల్లవారుజామున కూడా 30కి తగ్గవు. వేడి పెరిగితే టైము తగ్గించుకోవచ్చు, కానీ ఐదు నిమిషాల కన్నా తగ్గితే డెవలపర్ ఫిల్మ్ అంతటా సమంగా పట్టదు, ఆకాశంలో చారలు వస్తాయి. పైగా బాగా వేడైన నీళ్ళలో ఫిల్మ్ మీద బొమ్మని పట్టి ఉంచే జెలటిన్ పొర మెత్తబడుతుంది. అలాగని 20కి దించి అక్కడే పట్టి ఉంచాలన్నా మన గదిలో కుదరదు, రీలు కడిగే లోపలే మళ్ళీ పైకి పోతుంది. అందుకని నేను ఏడాది పొడుగునా 24 డిగ్రీలు పెట్టుకున్నాను, టైము దాదాపు 8 నిమిషాలు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన వాటర్ బాటిళ్ళు అందులో వేసి, డెవలపర్, దాని పని ఆపే స్టాప్ బాత్, బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో, కడిగే నీళ్ళు అన్నీ ఆ టబ్బులోనే నిలబెడతాను. అన్నీ ఒకే వేడిలో ఉండటం ముఖ్యం. చల్లటి డెవలపర్ తర్వాత వేడి పంపు నీళ్ళు పోస్తే జెలటిన్ ముడతలు పడి ఫోటో మొత్తం పగుళ్ళు కనపడతాయి.

ఆఖర్న కడగడానికి పంపు కింద అరగంట పెట్టే పద్ధతి మనకి పనికిరాదు. ఇల్ఫర్డ్ వాళ్ళు చెప్పిన పద్ధతి ఉంది: ట్యాంకులో నీళ్ళు నింపి 5 సార్లు బోర్లించి పారబోయడం, మళ్ళీ నింపి 10 సార్లు, మళ్ళీ నింపి 20 సార్లు. టబ్బులో చల్లబరిచిన నీళ్ళే సరిపోతాయి. మాది బోరు నీళ్ళు, ఆరితే ఉప్పు మరకలు పడతాయి, కాబట్టి చివర్లో డిస్టిల్డ్ వాటర్‌లో, నీళ్ళు ఫిల్మ్ మీద నిలవకుండా జారిపోయేలా చేసే వెట్టింగ్ ఏజెంట్ చుక్కలు వేసి ముంచి తీస్తాను. ఆరబెట్టేది బాత్‌రూమ్‌లో. ముందు షవర్ కాసేపు తిప్పి వదిలితే గాలిలో దుమ్ము అణుగుతుంది, తర్వాత క్లిప్పు పెట్టి వేలాడదీసి, కింద ఇంకో క్లిప్పు బరువుకి తగిలించి తలుపు వేసేస్తాను. ఆరేదాకా ఇంట్లో ఎవరికీ బాత్‌రూమ్ ఇవ్వను. మా అమ్మ మొదట్లో విసుక్కునేది, ఇప్పుడు "ఆరిందా, చూడనా" అని తనే వచ్చి అడుగుతుంది.

వాడేసిన హైపోని డ్రైనేజీలో పోయకండి. ఫిల్మ్‌లోంచి వచ్చిన వెండి అందులోనే కరిగి ఉంటుంది, మన కాలువల్లో అది కలవకూడదు. నేను మూత గట్టిగా ఉన్న డబ్బాలో నింపి, పేరు రాసి పెడుతున్నాను, పాత ఎక్స్‌రే ఫిల్ముల నుంచి వెండి తీసేవాళ్ళకి ఇద్దామని.

నెగటివ్‌ని తెల్లటి లైట్ ప్యాడ్ మీద పెట్టి డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి, కలర్లు తిరగేసి, కలర్ ల్యాబ్‌లో పోస్ట్‌కార్డు సైజు ప్రింట్లు వేయిస్తున్నాను. గోంగూర పిన్నికి ఇచ్చాను, ఇస్త్రీ ఆయనకి ఇచ్చాను, ఆయన బండి చెక్కకి మేకు కొట్టి పెట్టుకున్నాడు. పిన్ని తన మనవరాలిని కూడా తీయమంది, తీశాను, ఆ రీలు ఇంకా కెమెరాలోనే ఉంది.

ఈ వేసవిలో కలర్ మొదలుపెడుతున్నాను. బ్లాక్ అండ్ వైట్‌కి మన వాతావరణం అడ్డమైతే, కలర్‌కి కాస్త అనుకూలమే: కలర్ రీళ్ళు కడిగే సి-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. మే నెలలో డాబా మీద ట్యాంకు నీళ్ళు దాదాపు అక్కడే ఉంటాయి, గీజర్ నీళ్ళు కొద్దిగా కలిపితే చాలు. కాకపోతే డిగ్రీలో పావు వంతు తేడా కూడా రంగుల్ని మార్చేస్తుందంటారు, కాబట్టి థర్మామీటరు మంచిది కొన్నాను. కలిపిన కెమికల్ ఎక్కువ రోజులు నిలవదు, నా ఒక్కదాని రీళ్ళతో లీటరు కిట్ అయిపోదు. విజయవాడలో గానీ గుంటూరులో గానీ కలర్ రీళ్ళు తీసి కడిగించకుండా దాచుకున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఒకే రోజు కూర్చుని అన్నీ కలిపి కడుగుదాం.