పడమటి కాలువ వెంట శివారు దాకా

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు దిగితే కృష్ణా పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ అక్కడే మొదలు. మేం వెళ్లింది ఆగస్టులో. నీళ్లు ఉరకలేస్తుంటే కొరత ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. కృష్ణా నీళ్లు రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కిచ్చిన 800 టీఎంసీల్లో (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కృష్ణా డెల్టా వాటా 181.2. కాగితం మీది లెక్క అది. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు తోడయ్యాక కొంత ఊరట, అంతే.

దుగ్గిరాల దాటి తెనాలి మీదుగా రేపల్లె వైపు సాగాం. ఎగువన నాట్లు పచ్చబడ్డాయి, శివారున, అంటే కాలువ చివరి చేలల్లో, ఇంకా దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నడం) కూడా చెయ్యలేదు. ఎందుకో ఒక తూము దగ్గర తెలిసింది. షట్టరు బోల్టు ఊడదీసి ఉంది, పక్కనే కట్ట మీదుగా పైపు ఈడ్చిన గాడి. ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) 12 గంటలు పారితే ఎకరంలో అడుగు లోతు నిలుస్తుంది. రెండంగుళాల తడి లెక్కన ఆరెకరాలకు సరి. ఎగువన ఒక్క రాత్రి అంత నీరు మళ్లితే దిగువన ఆరెకరాల తడి పోయినట్టే. వంతులు పెట్టుకున్నా, వంతు అయిపోయిన రాత్రి తూము మూసే లస్కరు (కాలువ చూసుకునే మనిషి) లేకపోతే దండగే.

నాట్లు ఆలస్యమైతే కోత తుఫాన్ల నెలలో పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రెండో పంటకూ చిక్కే. కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును (తేమ) ఉండగానే వరిచేలో ఎకరాకు 16 నుంచి 18 కిలోల మినుములు చల్లడం ఇక్కడి పాత పద్ధతి. కోత యంత్రం వచ్చాక మొలకలు చక్రాల కింద నలుగుతున్నాయి. కోత అయ్యాక చల్లుదామంటే పదును ఆరిపోతుంది. అందుకే బోరున్నవాళ్లు దున్నకుండానే మొక్కజొన్న పెడుతున్నారు. ఎకరాకు 8 కిలోల విత్తనం. పూత దశలోనో గింజ పాలు పోసుకునేటప్పుడో తడి తప్పిందా, కంకి నిండదు.

ఇదంతా కౌలుదారు నెత్తినే. వరి బస్తాలు చాలావరకు కౌలుకే పోతాయి, చేతికి మిగిలేది రెండో పంట. వచ్చే ఏడు ఎవరి చేతికి పోతుందో తెలియని చేలో బోదె (చేలోకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) పూడిక తీయించేదెవరు? 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు గానీ దానికి యజమాని సంతకం కావాలి. చాలామంది పెట్టరు. పత్రం లేకపోతే బ్యాంకు పంట రుణం కష్టమే.

నిజాంపట్నం వైపు కాలువ నీరందక మురుగు కాలువకు ఇంజిన్లు పెడతారు. సముద్రపు పోటు ఎక్కినప్పుడు ఆ నీళ్లే ఉప్పవుతాయి. ఒకాయన చుక్క నాలుక మీద వేసుకుని చూసి, ఇంజిన్ ఆపేశాడు. నాలుకకన్నా నీటిలో ఉప్పు కొలిచే ఈసీ మీటరు మేలు: నీటి ఈసీ 2 (డెసీసీమెన్స్/మీటరు) దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పక్కన రొయ్యల చెరువుంటే దాని ఊట వేరే తలనొప్పి. చెరువు గట్టు వెంట కందకం తవ్వి, ఊటను మురుగులోకి కలపాలి. మేం చూసిన చోట ఆ కందకానికి చోటెవరు వదలాలన్నదే తగువు. చెరువు యజమాని గట్టు తనదంటాడు. పక్క చేను చేసేది కౌలుదారు, ఆయనకు వదిలే హక్కు లేదు. వదలగలిగిన యజమాని హైదరాబాదులో ఉంటాడు.