దేశం బాగుపడుతుంది సరే, మీ ఇంటి సంగతేంటి?

ఐర్లాండ్ మాంద్యం గురించి ఎవరు రాసినా బ్యాంకుల దగ్గర మొదలుపెట్టి బ్యాంకుల దగ్గరే ఆపేస్తారు. నా ఆసక్తి వేరే. అంత దెబ్బ తిన్న జనం మళ్లీ షాపు మెట్లు ఎప్పుడు ఎక్కారు, ఎక్కేముందు ఇంట్లో కూర్చుని ఏం లెక్కలు వేసుకున్నారు అన్నది నాకు కావాలి. 2012 నుంచి కొన్నేళ్లు బెంగళూరులో ఒక మార్కెట్ రీసెర్చ్ కంపెనీలో పనిచేశాను. మా టీమ్ చూసే క్లయింట్లలో ఐర్లాండ్ రిటైల్ వాళ్లు ఉండేవాళ్లు. నెలనెలా అక్కడి వినియోగదారుల విశ్వాస సూచీ రాగానే దాన్ని ప్రశ్నల వారీగా విడదీసి పట్టికల్లో పెట్టడం నా పని. పెళ్లయి కడపకొచ్చాను. వై.వి. స్ట్రీట్ దగ్గర మా మామ నడిపే ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల షాపులో ఇప్పుడు లెక్కలు నేనే చూస్తున్నా. ఆ సూచీ చూడడం మాత్రం మానలేదు.

"ఆడెక్కడో ఐర్లాండోళ్లు ఏమనుకుంటే మనకేమమ్మా?" అంటుంటారు మామ. ఆయనకు ముక్కలు ముక్కలుగా చెప్పే జవాబునే ఇక్కడ ఒక్కచోట రాస్తున్నా.

ముందు ఆ సూచీ ఎట్లా తయారవుతుందో తెలియాలి. ఐర్లాండ్‌లో ఈ సర్వే 1996 నుంచి ఉంది. నేను పనిచేసిన కాలంలో కేబీసీ బ్యాంకు, ఈఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థ కలిసి నడిపేవి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం చేసే సర్వే దీనికి నమూనా. అప్పట్లో ఇళ్లకు ఫోన్ చేసి ఐదు సంగతులు అడిగేవాళ్లు. పోయినేడుతో పోలిస్తే మీ ఇంటి డబ్బు పరిస్థితి ఎట్లుంది? వచ్చే ఏడాదికి ఎట్లుంటుంది? దేశ ఆర్థిక పరిస్థితి ఎటు పోతుంది? నిరుద్యోగం పెరుగుతుందా, తగ్గుతుందా? ఇంటికి పెద్ద వస్తువులు కొనడానికి ఇది మంచి సమయమేనా? బాగుందన్నవాళ్ల నుంచి బాగాలేదన్నవాళ్లను తీసేసి లెక్క కడతారు. 1995 చివరి పరిస్థితిని 100గా పెట్టుకున్నారు. ఇంతే. ఆదాయం ఎంత, అప్పు ఎంత అని అంకెలు అడగరు. మీకేమనిపిస్తోంది అని మాత్రమే అడుగుతారు.

ఇప్పుడు ఆ దేశానికి ఏం జరిగిందో త్వరగా చెప్తా. 2007 దాకా ఇళ్ల ధరలు ఆకాశానికెక్కాయి, బ్యాంకులు అడిగినవాళ్లకల్లా లోన్లు ఇచ్చాయి. 2008 సెప్టెంబర్ చివర్లో బ్యాంకులు మునిగే పరిస్థితి వస్తే వాటి బాధ్యతలకు ప్రభుత్వమే హామీ పడింది. ఆ బరువు మోయలేక 2010 నవంబర్‌లో 85 బిలియన్ యూరోల సహాయ ప్యాకేజీ తీసుకుంది. అందులో 17.5 బిలియన్లు వాళ్ల సొంత డబ్బే, మిగతాది యూరప్ దేశాలు, ఐఎంఎఫ్ ఇచ్చిన అప్పు. 2011 జనవరి నుంచి జీతాల మీద యూనివర్సల్ సోషల్ చార్జ్ అని కొత్త కోత పడింది. 2012 నాటికి నిరుద్యోగం 15 శాతం దాటింది. 2013 మొదటికి ఇళ్ల ధరలు పాత రేట్లలో సగానికి పడిపోయాయి.

ఇంత జరిగింది కదా, మరి జనం విశ్వాసం అన్నిటికంటే కిందికి పోయింది ఎప్పుడనుకుంటున్నారు? ప్యాకేజీ తీసుకున్నప్పుడు కాదు, ఉద్యోగాలు అన్నిటికంటే ఎక్కువ పోయినప్పుడూ కాదు. 2008 జూలైలో. అప్పటికి బ్యాంకులకు హామీ ఇవ్వనేలేదు. నిరుద్యోగం ఇంకా 10 శాతం లోపే ఉంది. సూచీ మాత్రం 40 కిందికి జారింది. నాలుగేళ్ల తర్వాత, నిజంగా ఇంటింటా ఉద్యోగాలు పోయి కూర్చున్న 2012లో, అది అంతకంటే పైనే ఉంది.

కారణం ఆ ప్రశ్నల్లోనే ఉంది. అవి అడిగేది ఎక్కడున్నావని కాదు, ఎటు పోతున్నావని. బావి అడుగున కూర్చున్నవాణ్ణి నిన్నటికంటే కిందికి దిగావా అని అడిగితే లేదనే చెప్తాడు. ఆ జవాబు నిజమే. కానీ ఆ లేదు అన్న మాటలు వందలకొద్దీ కూడి సూచీ నాలుగు పాయింట్లు పెరిగితే, పేపర్లో "జనంలో ఆశలు చిగురించాయి" అని హెడ్డింగ్ వస్తుంది. అందుకే ఎక్కడైనా విశ్వాసం పెరిగిందన్న వార్త కనబడితే నేను ముందు అడిగేది ఒకటే. ఐదు ప్రశ్నల్లో ఏది పెరిగింది?

2013 డిసెంబర్ 15న ఐర్లాండ్ సహాయ ప్యాకేజీ నుంచి బయటపడింది. యూరో దేశాల్లో అట్లా బయటికొచ్చిన మొదటి దేశం అదే. మరుసటి నెల, 2014 జనవరిలో, సూచీ దాదాపు 85కు చేరింది. 2007 తర్వాత అంత పైకి పోవడం అదే మొదటిసారి. మా ఆఫీసులో కూడా ఆ రోజు హడావిడి. క్లయింట్ నుంచి ఫోన్, ఇంక స్టాకు పెంచుకోవచ్చా అని. పట్టిక విడదీసి చూస్తే దేశం ఎట్లుంటుంది, ఉద్యోగాలు ఎట్లుంటాయి అన్న రెండు ప్రశ్నలే పరిగెత్తాయి. మీ ఇల్లు ఎట్లుంది అన్న ప్రశ్న మాత్రం కాళ్లీడ్చుకుంటూ వెనక వస్తోంది.

ఆ వెనకబాటుకు గట్టి కారణాలే ఉన్నాయి. మాంద్యం మొదలైన రోజుల్లో ఐర్లాండ్ కుటుంబాల అప్పు వాళ్ల ఏడాది ఆదాయానికి రెట్టింపు పైనే. ఇంటి ధర సగమైనా ఇంటి లోన్ సగం కాదు కదా. 2013లో సొంత ఇంటి మీద లోన్ తీసుకున్నవాళ్లలో 100కి 12 మందికి పైగా మూడు నెలలకు మించి కంతులు కట్టలేకపోయారు. అదే ఏడాది ఇంటి పన్ను కొత్తగా వచ్చింది. మరుసటి సంవత్సరం నీళ్ల చార్జీలన్నారు, జనం వీధుల్లోకొచ్చారు. ఉద్యోగం దొరికినా మొదటి జీతం టీవీల షాపుకు రాదు, బ్యాంకుకు పోతుంది. కొన్ని కుటుంబాల్లో ఆ ఉద్యోగం దొరికింది కూడా ఊళ్లో కాదు. వేలమంది కుర్రవాళ్లు ఆస్ట్రేలియా, కెనడా, బ్రిటన్ వెళ్లిపోయారు. నిరుద్యోగం శాతం తగ్గడంలో వాళ్ల వాటా కూడా ఉంది. ఆ ముక్క చదివినప్పుడు నాకు మా జిల్లా కళ్లముందుకొచ్చింది. కువైట్‌కు మనుషులను పంపని ఊరు మా వైపు వెతికితే గానీ దొరకదు. బిడ్డ దేశం పోయిన ఇంటిని ఉద్యోగం వచ్చిన ఇంటిగానే ఏ సర్వే అయినా రాసుకుంటుంది. ఆ ఇంట్లో అవ్వ దగ్గర పెరిగే పిల్లలను ఏ ప్రశ్న కింద రాయాలో ఎవరూ చెప్పలేదు.

నాకు అన్నిటికంటే నమ్మకంగా కనబడింది కార్ల లెక్క. ఐర్లాండ్‌లో కారు నంబరు ప్లేటులో మొదటి అంకెలు అది ఏ సంవత్సరం రిజిస్టరైందో చెప్తాయి. వీధిలో ఎవరు కొత్త కారు కొన్నారో దూరం నుంచే తెలిసిపోతుంది. దాంతో అందరూ జనవరిలోనే కొనేవాళ్లు. 2013 నుంచి సంవత్సరాన్ని రెండు భాగాలు చేశారు. జనవరి నుంచి జూన్ దాకా 131, జూలై నుంచి 132. 13 అంకె అచ్చిరాదన్న భయానికి అది మందు అయింది, జూలైలో రెండో సీజనూ దొరికింది. 2007లో దాదాపు 1,86,000 కొత్త కార్లు అమ్ముడైన ఆ దేశంలో 2009లో 57,000 దాటి కాస్తే అమ్ముడయ్యాయి. 2015 నాటికి 1,25,000 దరిదాపుల్లోకొచ్చాయి. సూచీ 100 దాటింది కూడా 2015 జనవరిలోనే. దేశం బాగుంది అన్న జవాబుకూ కారు షోరూమ్‌లో సంతకానికీ మధ్య ఎంత దూరమో ఈ లెక్కలో కనిపిస్తుంది.

జీడీపీని పట్టుకుని ఈ దూరం కొలవలేం. 2015లో ఐర్లాండ్ జీడీపీ 26 శాతం పెరిగిందని 2016 జూలైలో ప్రకటించారు. పెద్ద బహుళజాతి కంపెనీలు తమ ఆస్తులను కాగితాల మీద ఆ దేశానికి మార్చుకోవడం వల్ల వచ్చిన అంకె అది. అమెరికా ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ దాన్ని "లెప్రికాన్ ఎకనామిక్స్" అని ఎద్దేవా చేశాడు. లెప్రికాన్ అంటే వాళ్ల కథల్లో బంగారం దాచుకునే మరుగుజ్జు. ఆ తర్వాత వాళ్ల గణాంక శాఖ అట్లాంటి కంపెనీల ప్రభావం తీసేసి వేరే లెక్క కట్టడం మొదలుపెట్టింది. అట్లాంటి దేశంలో ఇంటికి ఫోన్ చేసి మీ చేతిలో డబ్బు ఎట్లుంది అని అడిగే సర్వే ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

కోలుకోవడం కూడా అన్నిచోట్లా ఒకేసారి రాలేదు. 2013లో రాజధాని డబ్లిన్‌లో ఇళ్ల ధరలు లేచాయి, బయటి ఊళ్లు చాలాకాలం అట్లే పడున్నాయి. మన దగ్గర రిజర్వ్ బ్యాంకు చేసే వినియోగదారుల విశ్వాస సర్వేను కూడా ఈ కళ్లతోనే చూస్తాను. అది పెద్ద నగరాల సర్వే. అందులో హైదరాబాద్ ఉంది, కడప లేదు. రెండు సూచీలు ఇస్తారు. ఒకటి ఇప్పటి పరిస్థితి, రెండోది ఏడాది తర్వాత ఎట్లుంటుందని. 100 పైన ఉంటే ఆశ, కింద ఉంటే నిరాశ అని లెక్క. 2021 మధ్యలో, కరోనా రెండో వేవ్ అప్పుడు, మొదటిది 50 కిందికి పడింది. ఆ తర్వాత మెల్లగా లేచింది గానీ, ఏడాది తర్వాత బాగుంటుందన్న సూచీ 100 పైన హాయిగా తిరుగుతున్నప్పుడు కూడా ఇప్పటి సంగతి చెప్పే సూచీ 100 కిందే ఉండిపోయింది. డబ్లిన్ పట్టికల్లో నేను చూసిన సందు మళ్లీ ఇక్కడ. మన జనానికి రేపటి మీద నమ్మకం ఎప్పుడూ ఉంటుంది. షాపు నడిపేవాళ్లు స్టాకు తెచ్చుకోవాల్సింది ఇవాళ్టిని బట్టి.

అందుకే షాపులో ఒక నోట్‌బుక్ పెట్టాను. కొనకుండా వెళ్లేవాళ్లను కూడా, ఓపిక ఉన్నవాళ్లయితే, ఒక మాట అడుగుతా. మొన్న ఒక అక్క వచ్చింది. డబుల్ డోర్ ఫ్రిజ్ తెరిచింది, కూరగాయల ట్రే బయటికి లాగి చూసింది, మళ్లీ తోసేసి తలుపు మెత్తగా మూసింది. తర్వాత 190 లీటర్ల సింగిల్ డోర్ ముందు నిలబడింది.

"పోయినేడు ఇప్పటికీ, ఈ యాడు ఇప్పటికీ ఇంట్లో చేతికి డబ్బు ఆడేది ఎట్లుందక్కా?" అన్నా.

"కువైట్ పోయినోళ్ల ఇండ్లన్నీ బాగానే ఉండాయిలే అమ్మా. మా సంగతి అడుగుతావా? మా ఆయన పంపేదంతా పోయినేడు వడ్డీకే పోయె. ఈ యాడు అసలుకు పోతాంది. అది తీరినాక వస్తాం."

ఐర్లాండ్ కేంద్ర బ్యాంకు ఏళ్ల తరబడి నివేదికల్లో రాసింది ఇదే సంగతి. ఆదాయం పెరిగింది, ముందు అప్పుకు పోయింది. ఆ అక్క జవాబును "దిగజారింది" కింద రాయలేం, "బాగుంది" కిందా రాయలేం. వడ్డీ నుంచి అసలుకు రావడం మెరుగే, పెద్ద మెరుగే. కానీ ఆ మెరుగు మా కౌంటర్ దాకా రావడానికి ఇంకా టైముంది. నోట్‌బుక్‌లో అట్లాంటి జవాబులకు వేరే గడి గీశాను. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో నెలజీతం తీసుకునేవాళ్ల జవాబులు ఒకరకంగా ఉంటాయి. పసుపు అమ్ముకుని వచ్చే రైతుల మాట యార్డులో ఆ వారం ధరను బట్టి మారిపోతుంది. ఈ రెండు రకాలనూ కలిపి సగటు తీయను. తీస్తే రెండూ పోతాయి.

భయం ఎట్లా పాకుతుందో కూడా ఐర్లాండ్ సూచీయే చెప్పింది. 2022 సెప్టెంబర్‌లో, ఉద్యోగాలకు ఏ కొదవా లేని రోజుల్లో, అది మళ్లీ 42 దగ్గరికి పడిపోయింది. యుక్రెయిన్ యుద్ధం తర్వాత కరెంటు, గ్యాస్ బిల్లులు చూసి జనం హడలిపోయారు. అప్పటికి కేబీసీ ఐర్లాండ్ వదిలి పోయే పనిలో ఉంది, సర్వేను అక్కడి క్రెడిట్ యూనియన్ల సంఘం పేరుతో నడుపుతున్నారు. ఉద్యోగం ఉన్నంత మాత్రాన మనసు నిబ్బరంగా ఉండదు. వేసవిలో మా దగ్గర ఏసీ అడిగేవాళ్లు చల్లదనం కంటే ముందు నెలకు కరెంటు బిల్లు ఎంతొస్తుందని అడగడం నేను రోజూ వింటున్నదే.

ఈ గడులన్నీ మామ ముందు పెట్టి దసరా ఆర్డర్ గురించి మాట్లాడాను. ఆయన చాలాసేపు "అసలు కడుతున్నారు" అన్న గడిలోనే వేలు పెట్టి చూశారు. "వీళ్లు ఈ పండగకు రారు, సంక్రాంతికీ రారు. ఆ పై ఏడాది తప్పకుండా వస్తారు," అన్నారు. డబుల్ డోర్లు సగానికి తగ్గించాం. సింగిల్ డోర్లు పెంచాం. అప్పు తీరేదాకా పాత ఫ్రిజ్‌నే నడుపుకునే ఇళ్లు ఎక్కువ కాబట్టి రిపేర్లకు ఇంకో మెకానిక్‌ను పెట్టుకుందామన్నది మాత్రం మామ సొంత ఆలోచన. ఆ అబ్బాయి సోమవారం నుంచి పనిలోకి వస్తున్నాడు.